రావెన్‌డెన్‌లో పొగ లేని వారం

జులైలో ఒక శనివారం పొద్దున్నే రావెన్‌డెన్ ఊరు ఊరంతా రైలెక్కి వెళ్లిపోతుంది. నూలు మిల్లులు మూతపడతాయి. రొట్టెల కొట్టూ, చేపలు వేయించే కొట్టూ మూతపడతాయి. పాలు పోసే మనిషి తన గుర్రాన్ని అన్నగారి పచ్చికలో వదిలేసి తనూ బ్లాక్‌పూల్ సముద్రం దారి పడతాడు. ఇక్కడ ఎదురెదురు గుమ్మాల్లో కూర్చునేవాళ్లు అక్కడ ఇసుకలో ఎదురెదురు కుర్చీలు వేసుకుంటారు, ఇక్కడి కబుర్లే అక్కడా చెప్పుకుంటారు, ముక్కులు ఎర్రగా కమిలిపోయాక తిరిగి వస్తారు. దీన్ని వాళ్లు మార్పు అంటారు.

ఆ ఏడు ఆనిస్ ఎంట్విసిల్ వెళ్లలేదు.

యాభై దాటిన ఆనిస్, ఆమెకన్నా రెండేళ్లు చిన్నదైన చెల్లెలు హెట్టీ ఒకే ఇంట్లో ఉంటారు, మిల్లులో పక్కపక్క మగ్గాలు నడుపుతారు, సెలవు వారంలో బ్లాక్‌పూల్‌లో మిసెస్ కార్డ్‌వెల్ బస ఇంట్లో ఒకే మంచం మీద పడుకుంటారు. గోడవైపు ఎప్పుడూ ఆనిస్‌ది, అంచు హెట్టీది. చాలా ఏళ్లుగా సాగుతున్న ఈ ఏర్పాటును బాయిలర్ గదిలో బొగ్గు వేసే ఎజ్రా హోల్డెన్ చెదరగొట్టాడు. భార్య పోయి చాలాకాలమైన మనిషి. ఒక సాయంత్రం మిల్లు గేటు దగ్గర ఆనిస్‌ను ఆపి, టోపీ తీసి, ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆనిస్‌కు తెలియలేదు. ఆమె హెట్టీ ముఖం వైపు చూసింది. సెలవు వారంలో తనతో నాలుగు చోట్లు తిరిగి చూడటానికి వస్తావా అని అడుగుతున్నాడని హెట్టీ శబ్దం లేకుండా పెదవులతో చెప్పింది. ఆనిస్ తలూపింది. సముద్రం వదులుకుని మసి ఏరుకుంటానంటోంది ఈ పిచ్చిది అని హెట్టీ ఆ రాత్రి భోజనం అయ్యేదాకా సణుగుతూనే ఉంది.

హెట్టీ గొణుగుడు ఆనిస్‌కు వినబడలేదు గాని, కనబడింది. ఆమె లోకం అటువంటిది. పదమూడో ఏట మగ్గాల షెడ్డులో అడుగుపెట్టింది. ఆ షెడ్డులోకి వచ్చిన ఏ పిల్లకైనా ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత పెదవిమాట వస్తుంది, ఆపైన మెల్లమెల్లగా చెవుడు వస్తుంది. పెదవిమాటకు గొంతుతో పనిలేదు. నోరు వెడల్పుగా తెరిచి, ముఖమంతా కదిలిస్తూ పలికితే, వందల మగ్గాల మోతలోనూ ఈ చివరి మనిషి ఆ చివరి మనిషిని కూరేం వండావని అడగవచ్చు. ఈ అలవాటు షెడ్డు దాటి వీధిలోకీ వచ్చింది. ఎవరి కూతురికి నెల తప్పింది, ఎవరి మొగుడు తాగి పడిపోయాడు వంటి సంగతులు వీధికి అటూ ఇటూ గడపల మీద నిలబడి నిశ్శబ్దంగా మాట్లాడుకుంటారు. అందరికీ అంతో ఇంతో చెవుడున్న చోట ఎవరినీ ప్రత్యేకంగా చెవిటిది అనరు. కాబట్టి ఆనిస్‌కు మిగిలిన కొద్దిపాటి వినికిడి కూడా రెండేళ్ల కిందటే పూర్తిగా పోయిందన్న సంగతి హెట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. దాచవలసిన అవసరమే రాలేదు. ఎజ్రా వచ్చేవరకూ.

ఎజ్రా షెడ్డు మనిషి కాదు. పైగా అతనికి మీసం ఉంది. యుద్ధంలోంచి తెచ్చుకున్న మీసమది. చీపురుకట్టలా కిందికి దిగి పై పెదవినే కాక కింది పెదవిని కూడా సగం కప్పేసింది. దాని వెనక ఏం జరుగుతోందో బయటివాళ్లకు తెలిసే వీలులేదు.

స్టేషన్‌లో రైలు కదలబోయే ముందు హెట్టీ మూసిన కిటికీ అద్దానికి ముఖం ఆనించింది. రైలుపెట్టెలో ఉన్న పక్కింటివాళ్ల కంట పడకుండా ఒక అరచెయ్యి నోటి పక్కన అడ్డం పెట్టుకుని, ఆనిస్ ఒక్కదానికే కనబడేలా పెదవులు కదిపింది.

"చెప్పెయ్యవే అతనికి. నేనొచ్చేలోపు చెప్పలేదనుకో, నేనే చెప్తా."

రైలు వెళ్లిపోయింది. ఊళ్లో పొగగొట్టాలన్నీ చల్లారి ఉన్నాయి.

రావెన్‌డెన్ ఎక్కడుందో రావెన్‌డెన్‌వాళ్లకు ఏడాదిలో ఈ ఒక్క వారమే తెలుస్తుంది. మిగతా రోజుల్లో పొగ ఊరికి పైకప్పులా ఉంటుంది. తీగమీద ఆరేసిన దుప్పటి మీద నల్లటి చుక్కలు రాలతాయి. వీధి చివర ఏముందంటే ఇంకో వీధి, అంతే. పొగ ఆగిన మర్నాడు ఉత్తరం వైపు ఒక నీలి గీత కనబడింది. ఆ మర్నాడు అది కొండ అయింది. దాని మరునాడు కొండమీద రాతిగోడలు, గోడల మధ్య తెల్లటి చుక్కల్లా గొర్రెలు కనబడ్డాయి. చీకట్లో ఎవరూ చూడనప్పుడు కొండలు ఊరివైపు ఒక్కో అడుగు జరుగుతున్నాయా అనిపించేది ఆనిస్‌కు.

ఎజ్రా మధ్యాహ్నం దాకా పొగదారుల్లోకి దూరి మసి గీకేవాడు. అన్ని బాయిలర్లూ ఏకంగా చల్లారేది అప్పుడే, ఆ పని చేయగలిగేదీ అప్పుడే. తర్వాత మెడ ఎర్రబడేలా తోముకుని వచ్చేవాడు. ఎంత తోముకున్నా కనురెప్పల అంచున మాత్రం మసి కాటుకలా మిగిలిపోయేది. పెట్టుకున్న కాటుకలాగే బాగుండేది కూడా. ఆ సంగతి ఆనిస్ ఎవరికీ చెప్పలేదు.

మొదట కాలువ గట్టు వెంట వెళ్లారు. బొగ్గు పడవలన్నీ ఎక్కడో కట్టేసి ఉన్నాయి. కదిలించేవాళ్లు లేక నీళ్లు అద్దంలా నిలిచిపోయి, పొగగొట్టాలన్నీ తలకిందులుగా లోతుకు దిగిపోయినట్టు కనబడ్డాయి. ఎజ్రా చెయ్యి చాపి నీళ్లు చూపిస్తూ ఏదో చెప్పాడు. మీసం కాసేపు కదిలి ఆగింది. ఆనిస్ తలూపింది. నీళ్లలో ఉన్న ఊళ్లోకి దిగితే అక్కడ అందరూ పనికి వెళ్తుంటారు అని అతనన్నాడనుకుంది. అలా అనుకోవడం బాగుంది. కాబట్టి అతను అలాగే అన్నాడు.

అది అక్కడ మొదలైంది. పార్కులో వాద్యగాళ్ల మండపం చుట్టూ కుర్చీలన్నీ ఖాళీగా ఉంటే, ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. మీసం కదిలింది. లేని బాజా ఎంత బాగుందో అంటున్నాడు అనుకుంది ఆనిస్. బస్సెక్కి పక్క లోయలో కూలిపోయిన మఠానికి వెళ్లారు. కప్పు ఎప్పుడో పోయింది, కిటికీ కమాను ఒకటే నిలబడింది, అందులో రంగుటద్దాలకు బదులు ఆకాశం ఉంది. సన్యాసులు వెళ్లిపోయారు గాని ప్రార్థన ఇంకా ఇక్కడే తిరుగుతోంది అన్నాడు ఎజ్రా, ఆనిస్ ఊహలో. గాడిదలు ఉప్పు మోసుకుంటూ దాటిన ఇరుకు రాతివంతెన మీద అతను చాలాసేపు మాట్లాడాడు. చేతులతో వంపులు తిప్పి చూపించాడు, ఒకచోట ఏదో గుండెకు తగిలినట్టు ఆగాడు కూడా. ఉప్పు వర్తకుడి కోసం ఈ వంతెన మీద ఒక పిల్ల చలికాలమంతా ఎదురుచూసిందట అని ఆనిస్ ఆ కథను పూర్తిగా అల్లుకుంది. పిల్ల పేరు కూడా పెట్టింది. ఇంటికి వచ్చి బంగాళాదుంపలు కూరిన రొట్టె తింటున్నప్పుడు కూడా ఆ పిల్ల కళ్లముందే ఉంది.

ఇంత చక్కగా మాట్లాడే మగవాణ్ణి ఆమె తన జన్మలో చూడలేదు.

రోజూ బయలుదేరేటప్పుడు ఇవాళ చెప్పేయాలనుకునేది. కాని చెప్పిన మరుక్షణం ఆ మాటలన్నీ ఆగిపోతాయి. ఒక మనిషి తనతో వారమంతా కష్టపడి మాట్లాడితే అవేవీ వినలేదని ఏ ముఖంతో చెప్పడం? అది ఒక భయం. అంతకన్నా లోపల ఇంకొకటి ఉంది. పొయ్యి పక్కన రెండు కుర్చీల్లో కూర్చోవలసిన వయసులో, గోడతో మాట్లాడినట్టు మాట్లాడే మొగుడూ, దీపం ముందు నీడలాంటి మీసాన్ని చూస్తూ తలూపే పెళ్లామూ. అది ఎజ్రాకు తెలియకుండా అతని నెత్తిన పెట్టడం న్యాయం కాదు. తెలిశాక పెట్టుకుంటాడా, అదీ తెలియదు.

శనివారం నాటికి గాలి ఎంత పల్చబడిందంటే, శ్వాస తీస్తే ముక్కులోపల చల్లగా తగిలింది. ఇద్దరూ కొండమీద బీడు ఎక్కారు. కాలిబాట పక్కన బిల్‌బెర్రీ పొదల్లో నల్లటి చిన్న పళ్లు. కోసుకుని తింటూ ఎక్కేసరికి ఆనిస్ వేళ్లూ పెదవులూ నేరేడు తిన్నట్టు ఊదాగా అయ్యాయి. పైన, ఎప్పటిదో ఒక రాతి బురుజు ఉంది. దాని మొదట్లో నిలబడి పడమటికి చూస్తే, ఎన్నో ఊళ్ల అవతల, భూమి అంచున ఒక వెండి తీగ. దానిమీద గుచ్చిన సూదిలా బ్లాక్‌పూల్ గోపురం. ఆ సూది మొనకింద హెట్టీ ఉంది, పాలు పోసే మనిషి ఉన్నాడు, రావెన్‌డెన్ అంతా ఉంది. ఇక్కడ మిగిలింది ఇద్దరు. ఊరు కల కంటూ ఎక్కడికో వెళ్లిపోతే, దాని ఒంటికి కాపలా ఉన్నట్టున్నారు.

ఎజ్రా టోపీ తీశాడు. సముద్రం వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. టోపీ అంచు అతని వేళ్లమధ్య గుండ్రంగా తిరుగుతోంది. ఆనిస్ అలవాటు కొద్దీ ఆ మీసం కింద మాటలు పెట్టబోయింది. ఎంత అందమైనవి వచ్చాయంటే, భయం వేసి ఆపేసింది. ఇంతలో అతను మాట ముగించి ఆమె వైపు తిరిగాడు. నుదురు కొంచెం పైకి లేచి ఉంది, కళ్లు ఆగి ఉన్నాయి. జవాబు కోసం నిలబడ్డ ముఖం ఎలా ఉంటుందో చెవిటివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మెడ దానంతటదే కిందికి దిగబోయింది. ఇంతవరకూ ఆమె తలూపినవి వంతెనలకూ, కమానులకూ. ఇప్పుడు తలూపితే ఆ మాట తను అల్లుకున్న ఎజ్రాకు ఇచ్చినట్టవుతుంది. టోపీ తిప్పుతూ నిలబడ్డ ఈ మనిషికి కాదు.

"నాకు వినబడలేదు ఎజ్రా," అంది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. దూరంగా గొర్రెలు తలలెత్తాయి. "ఇప్పుడే కాదు. వారమంతా మీరన్నది ఒక్క ముక్క వినబడలేదు. ఊరికే తలూపా."

మీసం కదిలింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"షెడ్డులో వాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నా. మీ పెదాలు ఎలా ఉంటాయో నేనింతవరకూ చూడలేదు."

ఎజ్రా చెయ్యి సగం దాకా లేచి, మీసం దగ్గర ఆగి, మళ్లీ దిగింది. టోపీ పెట్టుకున్నాడు. గోడ దాటే రాతిమెట్ల దగ్గర ఎప్పటిలాగే చెయ్యి అందించాడు. ఆమె గుమ్మం దగ్గర ఎప్పటిలాగే టోపీ ఎత్తాడు. ఒక్కసారి కూడా మీసం కదలలేదు. కదిలి మాత్రం ప్రయోజనం ఏముంది?

ఆదివారం ఆనిస్ గడప రాయిని పసుపు సుద్దరాయితో రుద్దింది. చూసి మెచ్చుకునేవాళ్లు వీధిలో ఎవరూ లేరు. రెండోసారి కూడా రుద్దింది. తను ఊహించుకున్న ఎజ్రా అయితే నిన్న కొండ దిగుతూ ఏదో ఒకటి అనేవాడు. చల్లని మాట, మరిచిపోలేని మాట. అసలు ఎజ్రా ఆమెను గుమ్మం దాకా దిగబెట్టి తన ఇంటికి వెళ్లిపోయాడు. ఇద్దరిలో నమ్మవలసింది రెండోవాణ్ణే అని తనకు తాను చెప్పుకుంది. మధ్యాహ్నం వేళ మిల్లు పొగగొట్టం నుంచి సన్నటి నూలుపోగు లాంటి పొగ లేచి, గాలి లేక నిటారుగా నిలబడింది. సోమవారానికి మగ్గాలు తిరగాలంటే ఇప్పటినుంచే నిదానంగా వేడి ఎక్కించాలి. అతను పనిలోకి వెళ్లాడన్నమాట. అంతా మామూలే అన్నమాట.

రైలు వచ్చే వేళకు హెట్టీ పెట్టె అందుకుందామని కాలువ గట్టుకు వెళ్లింది. స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే దారి ఆ గట్టు వెంటే. అవతలి గట్టు మీద బాయిలర్ గది. ఎవరూ ఇంకా రాలేదు. నీళ్లలోకి చూస్తూ నిలబడింది. తలకిందుల పొగగొట్టం కిందికి పొగ వదులుతోంది.

అవతల తలుపు తెరుచుకుని ఒకాయన బయటికి వచ్చాడు. కొత్త మనిషిని పెట్టుకున్నారు అనుకుంది ఆనిస్. ముఖం ఎర్రగా కడుక్కుని ఉంది. ముక్కు కిందనుంచి పెదవి దాకా మాత్రం ఒక పట్టీ ఎండ ఎరుగని తెలుపు. ఆ తర్వాత కనురెప్పల అంచున కాటుక చూసింది.

ఎజ్రా నీళ్ల అంచు దాకా వచ్చి, నోరు వెడల్పుగా తెరిచాడు. గొంతు లేదు. ముఖమంతా కదులుతోంది. అది పాతకాలపు పెదవిమాట, ఇప్పుడు ముసలి నేతగత్తెలే మాట్లాడే తీరు.

"మా అమ్మ మగ్గం నడిపేది. నన్ను తిట్టిందంతా ఇలాగే తిట్టింది. పొద్దున అద్దం ముందు కూర్చుని గుర్తు తెచ్చుకున్నా."

ఆనిస్ కూడా గొంతు లేకుండానే అడిగింది: ఆ వంతెన దగ్గర అంతసేపు ఏం చెప్పారు?

ఎజ్రా ఆలోచించాడు. "మసి గురించి. పొగదారిలో ఎక్కడెక్కడ పేరుకుంటుందో చెప్పా."

మఠం దగ్గర?

"బూటు కరుస్తోందన్నా."

ఉప్పు వర్తకుడూ, చలికాలమంతా ఎదురుచూసిన పిల్లా, లేని బాజా అన్నీ కాలువలో మెల్లగా మునిగిపోయాయి. బాధగా ఉంటుందనుకుంది. నవ్వు వచ్చింది. అవతల మిగిలింది సన్నటి పెదవులు గల ఒక మనిషి. ఎడమ కొసన చిన్న గాటు ఉంది. ఆ పెదవుల్లోకి ఎవరూ ఏమీ పెట్టనక్కర్లేదు.

నిన్న కొండమీద? అని అడిగింది చివరికి.

ఎజ్రా మిల్లులో గడిపినన్నాళ్లూ బాయిలర్ గదిలోనే గడిపాడు. గొంతు లేని మాట గుట్టుగా ఉంటుందనే అనుకున్నాడు. రావెన్‌డెన్‌లో అన్నిటికన్నా దూరం వెళ్లే మాట అదేనని అతనికి తట్టలేదు. అప్పటికే ఆనిస్ వెనక దారినిండా జనం ఉన్నారు. సంచులు, చేతికర్రలు, కమిలిన ముక్కులు, కాగితాల్లో చుట్టిన గులాబీరంగు పంచదార కడ్డీలు. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయి అవతలి గట్టునే చూస్తున్నారు. అడుగుల చప్పుడు ఆగిన సంగతి ఆనిస్‌కు తెలియదు. ఎజ్రాకు ఆమె ఒక్కతే కనబడుతోంది.

"నా ఇంటికి వస్తావా అని అడిగా. పద్ధతిగా, చర్చిలో పెళ్లి చేసుకునే." ఆగి, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి పలికాడు. "నీకు వినబడకపోతే పోయింది. మాట్లాడినప్పుడల్లా నీవైపు తిరిగి మాట్లాడతా."

ఆనిస్ జవాబు చెప్పింది. పెదవులతోనే చెప్పింది. దానికి ఎజ్రా టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి, దాన్ని ఏం చేయాలో తోచక రెండు చేతులతో కడుపుకు హత్తుకున్నాడు.

ఎవరో ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పారు. హెట్టీ. ఆమె వెనక ఊరు.

"అతనన్నదంతా చూశాం," అంది హెట్టీ, పెదవులను ఒకటికి రెండుసార్లు తిప్పుతూ. "నీ వీపు తప్ప మాకేం కనబడలా. ఏమన్నావే నువ్వు?"

ఆనిస్ అందరి ముఖాలూ చూసింది. పాలు పోసే మనిషి కూడా పెట్టె కింద పెట్టి మరీ నిలబడ్డాడు.

"వచ్చే ఏడు కార్డ్‌వెల్ గారింట్లో మంచమంతా నీదే," అంది, కాలువ అవతలికి కూడా వినబడేంత గట్టిగా. "గోడవైపు కూడా."

హెట్టీది ముక్కు కమిలిందో ఏడుపు వచ్చిందో తేల్చుకోలేని ముఖం. తర్వాత తన పెట్టెను ఆనిస్ చేతిలో పెట్టి, నీళ్ల అంచుకు నడిచి, అవతలి మనిషికి స్పష్టంగా కనబడేలా నోరు తెరిచింది.

"ఏమయ్యా ఎజ్రా. తొక్క తీసిన బంగాళాదుంపలా ఉన్నావు. మళ్లీ పెంచావో, ఊరుకునేది లేదు."

ఎజ్రా పై పెదవిని అరచేత్తో మూసుకోబోయాడు. ఆనిస్ తనవైపే చూస్తోందని గుర్తొచ్చి, చెయ్యి దించేశాడు.